జూదశాలలో రెట్టింపు పందెము

ఓడినప్పుడెల్ల పందెమును రెట్టించినచో చివరకు గెలుపు తప్పదు గదా యని మా తరగతిలో ఒక విద్యార్థి ప్రశ్నించెను. గోవా, మకావు జూదశాలలలో ఆడు బాకరా అను పేకాటను తీసికొని దీనిని పరిశీలింతము. (పేరు విని ఉర్దూ విద్యార్థులు నవ్వనవసరము లేదు, ఇది ఫ్రెంచి మాట, మేక కాదు.)

ఇందు 8 కట్టల ముక్కలను కలిపి ‘ఆటగాడు’, ‘బ్యాంకరు’ అను రెండు పక్షములకు పంచుదురు. ఏ పక్షముపై నైనను పందెము కాయవచ్చును. నూటికి బ్యాంకరు 45.86, ఆటగాడు 44.62 మార్లు గెలుచును. తక్కినవి సమము, అప్పుడు పందెము తిరిగి వచ్చును. కావున ఆటగాడిపై కాసిన ప్రతి 100 రూపాయలకు సగటున 1.24 రూపాయలు పోవును. బ్యాంకరుపై గెలుపులో 5 శాతము కోతయుండుటచే అచ్చటను నష్టమే.

ఇక ఆటగాడిపై 100తో మొదలిడి రెట్టించుచు పోయినచో, వరుసగా 10 ఓటములకు 1,02,300 పోవును. పదునొకండవ పందెమునకు 1,02,400 కావలెను. సాధారణముగ జూదశాలవారి గరిష్ఠ పరిమితి అంతకు ముందే అడ్డుపడును. ఇట్టి వరుస సుమారు 900 ప్రయత్నములలో ఒకమారు వచ్చును. తక్కినవన్నియు గెలిచినను ఒక్కొక్కదానికి లాభము 100 మాత్రమే. మొత్తము 90,000 లోపు. కాని చాలకాలము గెలుపే కనబడుటచే జూదరి ఈ లెక్కను నమ్మడు.

మేము నల్లబల్లపై వేసిన అంకెలను ఆ విద్యార్థి వ్రాసికొని, గోవాలోనున్న తన అన్నకు చూపవలెనని కాగితము మడచి జేబులో నుంచుకొనెను.