మేడ మీద గదిలో చేసేది ఉద్యోగం కాదా?



మాది పెదనందిపాడు దగ్గర పల్లె. నాన్న సొంత పొలం రెండెకరాలు, కౌలుకి మరో ఐదెకరాలు చేస్తారు. మిరప, పత్తి. నాకు ఇరవై తొమ్మిదేళ్లు. గుంటూరులో బీటెక్ చదివి హైదరాబాదులో ఒక కంపెనీలో నాలుగేళ్లు డిజైనర్‌గా పనిచేశాను. యాప్‌లో ఏ బటన్ ఎక్కడ ఉండాలి, వాడే మనిషి ఎక్కడ తికమకపడతాడు, ఆటలో మొదటి లెవెల్ ఎంత తేలిగ్గా ఉండాలి, పదో లెవెల్ ఎంత గట్టిగా ఉండాలి, ఇవన్నీ చూడటం నా పని. యూఎక్స్, గేమ్ డిజైన్ అంటారు. మూడేళ్ల క్రితం అమ్మకి మోకాళ్ల ఆపరేషన్ అయినప్పుడు ఊరికొచ్చాను. మళ్లీ వెళ్లలేదు. మేడ మీద గదిలో ఇంటర్నెట్ పెట్టించుకుని సొంతంగా పనులు తీసుకుంటున్నాను. రోజుకి 3,000 రూపాయల లెక్కన అడుగుతాను. దానికి కూడా బేరమాడతారు.

నా పనిలో సగానికి పైగా ఒక్క కంపెనీ నుంచే వచ్చేది. డబ్బు పెట్టి ఆడే రమ్మీ ఆట వాళ్లది. 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేశాక ఆట ఆపేశారు. నావి మూడు బిల్లులు, మొత్తం 1,85,000 రూపాయలు ఆగిపోయాయి. మొదట్లో "అకౌంట్స్ వాళ్లు చూస్తున్నారు" అనేవారు. ఇప్పుడు ఫోనెత్తరు. పోయిన నెల వాళ్లే పిల్లల ఆట ఒకటి విడుదల చేస్తే డౌన్‌లోడ్ చేసి చూశాను. అందులో ఉన్నది మా కల్లమే. ఎర్రగా పరిచిన మిరపకాయలు, చేలో దిష్టిబొమ్మ, పక్కన పట్టా కప్పిన కుప్ప. సంక్రాంతి కోసమని నేను గీసిస్తే వద్దన్న తెరలవి. అగ్రిమెంట్ ఏమీ లేదు. మెయిళ్లు, వాట్సాప్ మెసేజీలే.

ఈలోపు ఒకతను ఫోన్ చేశాడు. అలాంటి పేకాటే, విదేశం నుంచి నడుపుతారట, మూడింతలు ఇస్తారట. "మీ పేరెక్కడా రాదు మేడమ్" అన్నాడు.

మా మేనత్త కొడుకు బెంగళూరులో ఆటో నడిపేవాడు. ఫోన్‌లో రమ్మీ ఆడి ఆటో అమ్ముకున్నాడు. వాడు ఆడింది నేను గీసిన ఆట కాదు. కానీ ఓడిపోగానే "ఇంకో ఆట" అనే బటన్ బొటనవేలి కిందకి ఎలా రావాలో నాకు తెలుసు. అలాంటివి నేనూ గీశాను.

ఇక ఇంట్లో సంగతి. మిరప ధర పడిపోయి అప్పు మిగిలినప్పటి నుంచి నాన్న మాట మారింది. "నెల తిరిగేసరికి వస్తే అది ఉద్యోగం. ఎప్పుడొస్తదో తెలీనిది ఏం పనమ్మా?" అంటారు. సంబంధాల వాళ్లు అడిగితే "ఖాళీగానే ఉంటంది" అని చెప్పారని తెలిసి రెండు రోజులు ఏడ్చాను. ఊళ్లో వాళ్లకీ నేను ఖాళీయే. ఆధార్, పింఛను, పత్తి అమ్మడానికి స్లాటు, ఏదున్నా మా మెట్లెక్కుతారు. నాకది కష్టం కాదు. మొన్న పక్కింటి తాతయ్య వచ్చారు. ఎండలో అక్షరాలు కనపడక తువ్వాలు తల మీద ముసుగేసుకుని ఫోన్ చూస్తున్నారు. మెసేజ్‌లో వచ్చిన ఆరంకెలు యాప్ దగ్గరికొచ్చేసరికి మర్చిపోతున్నారని అరచేతి మీద పెన్నుతో రాసుకున్నారు. చెమటకి చివరి రెండంకెలు చెరిగిపోయాయి.

ఆ పేకాట పని ఒప్పుకుని నాన్న అప్పు తీర్చనా? అన్నీ వదిలేసి హైదరాబాదులో ఉద్యోగం చూసుకోనా?

— ఒక డిజైనర్, గుంటూరు జిల్లా

* * *

తల్లీ,

ముందు ఆ ఫోన్ చేసినవాడి సంగతి తేలుద్దాం. ఒప్పుకోవద్దు. 2025 చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నడపడంతో ఆగలేదు, అందుకు సాయపడటాన్నీ నిషేధించింది. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా రాశారు. తెరలు గీసిన మనిషిని ఇందులోకి ఎంతవరకూ లాగుతారో లాయరు చెప్పాలి గానీ, "మీ పేరెక్కడా రాదు" అని ముందే హామీ ఇస్తున్నాడంటే సంగతేమిటో వాడికి బాగా తెలుసు. పేరు రాకపోతే రేపు డబ్బు ఎగ్గొట్టినా నువ్వు ఎవరి మీదా కేసు వేయలేవు. మన రాష్ట్రం 2020లోనే ఈ ఆటల్ని నిషేధించింది. ఎందుకు నిషేధించాల్సి వచ్చిందో మీ మేనత్త కొడుకు సంగతి తెలిసినదానివి, నీకు నేను చెప్పనక్కర్లేదు.

మా అమ్మమ్మ వామనగుంటల పీట ఇప్పటికీ నా దగ్గరుంది. ఇటు ఏడు, అటు ఏడు, పద్నాలుగు గుంటలు. ఓడిన పిల్ల గుంటలు ఖాళీ అయ్యేవి, ఏడుపొచ్చేది, అలిగేది. ఆట కాగానే చింతపిక్కలన్నీ ఒకే డబ్బాలోకి పోయేవి. ఓడినది ఆ డబ్బాలోకి తిరిగి రాని ఆటలు నువ్వు కొన్ని గీశావు. అప్పటికి ఆ కంపెనీ బహిరంగంగా నడిచేది, నువ్వు దొంగతనం చేయలేదు. అయినా ఆ బటన్ నిన్ను నిద్రపోనివ్వడం లేదంటే, ఇకముందు ఏ పని తీసుకోవాలో నీ మనసు తేల్చేసుకుందనే అనుకుంటున్నాను. మీ బావ గురించి మాత్రం ఒక మాట. అతను ఆటో అమ్ముకున్నాక ఎలా ఉన్నాడో నీ ఉత్తరంలో లేదు. ఒకసారి ఫోన్ చెయ్యి.

ఇప్పుడు నీకు రావలసిన డబ్బు. ఆదాయపన్ను పోర్టల్‌లోకి వెళ్లి నీ 26ఏఎస్, అంటే నీ పేరు మీద జమైన పన్నుల పట్టిక, తెరిచి చూడు. కంపెనీ నీ బిల్లుని తన పుస్తకాల్లో జమ రాసుకున్నా, డబ్బు చెల్లించినా, రెండింటిలో ఏది ముందైతే అప్పుడు టీడీఎస్ కట్టాలి. పది శాతం చొప్పున పట్టి ఉంటే 18,500 రూపాయలు నీ పాన్ మీద కనపడతాయి. ఆ అంకె ఉందంటే, ఆ కంపెనీ నీ బిల్లుల్ని ఒప్పుకుందని తన చేత్తోనే ప్రభుత్వానికి రాసిచ్చినట్టు. లేకపోతే బెంగపడకు, నీ మెయిళ్లున్నాయి. వాట్సాప్ సంభాషణ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి దాచు. పాత ఫోన్ అమ్మెయ్యకు, అసలు మెసేజీలు అందులోనే ఉంటాయి. స్టాంపు కాగితం మీద లేకపోయినా, పని చెప్పినట్టూ చేసినట్టూ మెయిళ్లలో ఉంటే ఒప్పందం ఉన్నట్టే. బాకీ కోసం దావా వేయడానికి సాధారణంగా మూడేళ్ల గడువుంటుంది. ఆ గడువంతా బతిమాలడంలో గడపొద్దు.

జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లు. 1987 చట్టం ప్రకారం మహిళలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఇస్తారు. ఈ సంగతి మన ఆడపిల్లల్లో చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు కూడా అది పేదవాళ్లకే అనుకుని ఆగిపోతారు. నోటీసు పంపించడం, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టడం అక్కడినుంచే మొదలుపెట్టవచ్చు.

దాంతోపాటు ఉద్యమ్ పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకో. ఆధార్, పాన్ ఉంటే చాలు, రూపాయి ఖర్చు లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థ దగ్గర కొన్నవాడు గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. కట్టకపోతే రిజర్వు బ్యాంకు రేటుకి మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ఒక్క మనిషి నడిపే పనీ ఇందులోకి వస్తుంది. పాత బాకీకి ఇప్పుడు చేసుకున్న రిజిస్ట్రేషన్ పనికొస్తుందా అనేది కోర్టుల్లో నలుగుతున్న ప్రశ్న కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకు. రాబోయే ప్రతి బిల్లు మీదా ఆ నంబరు వెయ్యి.

కల్లం బొమ్మ సంగతి చదివినప్పుడు నాకు కోపమొచ్చింది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం జీతానికి చేసిన పని యజమానిది. నువ్వు వాళ్ల జీతగత్తెవి కాదు. విడిగా చేసిచ్చిన పనికి మొదటి హక్కు గీసినవాళ్లదే, రాతపూర్వకంగా రాసిస్తే తప్ప చేతులు మారదు. రాసిచ్చినా, ఎన్నేళ్లకో కాగితంలో లేకపోతే ఐదేళ్లకే, ఎక్కడికో లేకపోతే మన దేశానికే వర్తిస్తుంది. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు, ఫోటో లాంటి కొన్నింటికి మినహాయింపుంది, కాబట్టి నీ తెరలు దేని కిందికొస్తాయో లాయరుకి చూపించు. కానీ నీ విషయంలో ఇంకో మాట కూడా ఉంది. వద్దన్నారు, డబ్బివ్వలేదు, తర్వాత వాడుకున్నారు. మాట్లాడటానికి నీకు గట్టి నేలే ఉంది. ఆట నియమాలకి, ఆలోచనకి హక్కు ఉండదు. దిష్టిబొమ్మ పెట్టాలనే ఊహ ఎవరిదైనా కావచ్చు. ఆ దిష్టిబొమ్మని నువ్వు గీసిన తీరు నీది. నీ అసలు ఫైళ్లు, వాటి తేదీలు, పంపిన మెయిల్, వాళ్ల ఆటలోని తెర, ఇవి పక్కపక్కన పెట్టి ఒక్క పేజీ తయారుచెయ్యి. నోటీసుకి అది జతచేస్తే మాటలు తక్కువ సరిపోతాయి.

ఇక ధర. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ 3,000 రూపాయలు. ఎలా వచ్చిందో ఊహించగలను. ఏడాదికి తొమ్మిది లక్షలు కావాలి, మూడు వందల రోజులు పనిచేస్తాను, భాగించాను. అది జీతగాళ్ల భాగహారం. కొత్త క్లయింట్‌ని వెతకడం, కొటేషన్ రాయడం, రాని డబ్బు కోసం తిరగడం, కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం, అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్లడం, వీటికి ఎవరూ బిల్లు కట్టరు. డబ్బొచ్చే రోజులు నూట యాభై తేలితే గొప్ప. తొమ్మిది లక్షల్ని నూట యాభైతో భాగించు. 6,000. ఇన్వర్టర్, బీమా, పన్ను ఆ తొమ్మిదిలో కలిపావో లేదో కూడా చూసుకో. ఇన్నాళ్లూ నువ్వు సగం ధరకి పనిచేశావు.

మీ నాన్నగారు మిరప యార్డుకి టిక్కీలు, అంటే మిరప బస్తాలు, తోలుకెళ్తారు. కోతకూలీ ఎంత, మందులకెంత, కౌలెంత, బాడుగెంత, అణాపైసలతో సహా ఆయనకి తెలుసు. అయినా ధర చెప్పేది ఆయన కాదు. కొనేవాడు బస్తాలోంచి గుప్పెడు తీసి, కాయ విరిచి, రంగు చూసి, తాలు ఎంతుందో చూసి చెప్తాడు. 2025 ఫిబ్రవరిలో ధర మరీ కూలిపోయినప్పుడు కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకి 11,781 రూపాయలని ఒక అంకె పెట్టింది. ఆ అంకె కూడా ఢిల్లీలో పుట్టిందే. ఇన్నేళ్ల సేద్యంలో తన సరుకు ధర తాను నోరారా చెప్పుకునే అవకాశం ఆయనకి ఎప్పుడు దొరికిందో నాకు తెలియదు. నీకు దొరికింది. సగం చేసి చెప్పకు, తల్లీ.

ఆయనకి ఉన్న ఒక వెసులుబాటు మాత్రం నీకు లేదు. ధర నచ్చకపోతే టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి, సరుకు మీద అప్పు తెచ్చుకుని, నాలుగు నెలలు ఆగవచ్చు. నీ మంగళవారాన్ని ఎవరూ కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోరు. క్లయింట్ "వచ్చేవారం మొదలుపెడదాం" అని నాలుగు వారాలు తిప్పితే ఆ నాలుగు వారాలూ పోయినట్టే. అందుకే అడ్వాన్స్. పని మొత్తంలో మూడో వంతైనా చేతికి రాకుండా డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫిగ్మా తెరవకు. ఎన్ని తెరలు, ఎన్ని లెవెళ్లు, ఎన్ని రివిజన్లు అన్నది మెయిల్‌లో రాసి "సరే" అనిపించుకో. నేను చెప్పేది రెండు రివిజన్లు, మూడోది మొదలుకుని విడిగా బిల్లు. అసలు ఫైళ్లు, హక్కుల కాగితం ఆఖరి రూపాయి అందాకే. ఇంకొకటి, ఏ ఒక్క క్లయింట్‌నీ నీ సంపాదనలో మూడో వంతు దాటనివ్వకు. ఏడెకరాల్లోనూ మిరపే వేస్తే ఏమవుతుందో మీ ఇంట్లో అడుగు. నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది గురించి చెప్తారు.

ఇది నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. ముప్పై ఏళ్లుగా ఏ పత్రికలోనూ ఉద్యోగం లేకుండా రాసి బతుకుతున్నాను. మొదట్లో ఒక పత్రిక పద్నాలుగు నెలల సీరియల్‌కి డబ్బివ్వలేదు. అడగడానికి మొహమాటపడ్డాను. ఆ మొహమాటం విలువ అప్పట్లో మా పాప ఏడాది స్కూలు ఫీజు.

పన్నుల విషయం క్లుప్తంగా. సేవల మీద ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. వృత్తి నిపుణులకి వసూళ్లలో సగాన్నే ఆదాయంగా చూపే వీలు ఆదాయపన్ను చట్టంలో ఉంది, డిజైన్ పని అందులోకి వస్తుందా అన్నది గుంటూరులో ఎవరైనా ఆడిటర్‌ని అడిగి తేల్చుకో.

ఇంక మీ పక్కింటి తాతయ్య అరచెయ్యి. చెరిగిపోయిన ఆ రెండంకెల్ని ఎంత శ్రద్ధగా చూశావో, అది ఏ నగరంలో కూర్చున్న డిజైనర్‌కీ దొరకదు. రైతు యాప్‌లు, బ్యాంకు యాప్‌లు, ఆసుపత్రి యాప్‌లు తయారుచేసేవాళ్లు ఈ నల్లరేగడిలో ఫోన్ ఎలా వాడతారో ఊహించుకుని గీస్తున్నారు. నువ్వు రోజూ మెట్ల మీద చూస్తున్నావు. వాళ్ల పేర్లూ ఫోటోలూ లేకుండా, ఎక్కడ ఆగారో, ఏం వెతికారో, ఏ మాట అర్థం కాలేదో నోటు పుస్తకంలో రాసిపెట్టు. అలాంటివి పది జరిగాక వాటికి పరిష్కారంగా నాలుగు తెరలు గీసి, కొత్త క్లయింట్‌కి పంపే నమూనా పనుల్లో ముందు వాటినే పెట్టు. పేకాట తెరలు తీసెయ్యి. అయితే ఊరివాళ్లకి వేళ చెప్పు. సాయంత్రం ఐదు నుంచి ఆరు. పగలు తలుపు వేసి ఉంటే అమ్మాయి పనిలో ఉందని అమ్మ చెప్పాలి. మొదటి వారం నొచ్చుకుంటారు, రెండో వారం ఐదింటికే వస్తారు.

నాన్నగారి మాటకి ఏడవడం సహజమే. ఆయన నిన్ను తక్కువ చేయాలని అనలేదు. నెల తిరిగేసరికి డబ్బు రాకపోవడం ఎలా ఉంటుందో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు లేరు, ఆ బతుకు కూతురికి వద్దనుకుంటున్నారు. హైదరాబాదు ఉద్యోగం తప్పేమీ కాదు. అమ్మ ఆరోగ్యం, నీ ఇష్టం చూసుకుని ఎప్పుడైనా వెళ్లవచ్చు. కానీ ఎగ్గొట్టిన బాకీ వల్ల వెళ్లకు. ఆరు నెలలు కొత్త ధరకి, అడ్వాన్స్‌తో పనిచేసి చూసి అప్పుడు తేల్చుకో. ఆయన అప్పు మొత్తం నీ భుజాన వేసుకుంటానని కూడా ఇప్పుడే మాటివ్వకు. నెలకింత అని వీలైనంత ఇవ్వు, ఇచ్చినప్పుడల్లా ఆయన లెక్కల పుస్తకంలో ఆయన చేతే రాయించు. నీ పేరు, తేదీ, అంకె. "ఖాళీగానే ఉంటంది" అన్న మాట ఆ పుస్తకంలో నాలుగు వరుసలు పడ్డాక ఆయన నోట రాదని నా నమ్మకం.

జనవరిలో కోతలు మొదలైతే మీ ఇంట్లో ఎవరికీ ఊపిరాడదు. అంతకుముందే ఒక రాత్రి ఇద్దరూ కూర్చోండి. ఆయన పుస్తకం, నీ బిల్లులు ఒకే మంచం మీద పరవండి. బాకీ వసూలు చేయడంలో ఆయనకి నాకంటే ఎక్కువ తెలుసు, సలహా అడుగు.

26ఏఎస్‌లో ఏం కనిపించిందో నాకు రాయి. నోటీసు ముసాయిదా పంపితే మా లాయరు మిత్రురాలికి చూపిస్తాను.