సెల్ ఫోను పిలుపు, పేరు

విద్యార్థులారా! సాయంకాలమున మండపేట బస్టాండు కడ నిలిచి చూడుడు. జనుల చేతులలో నెన్నియో సెల్ ఫోనులు గలవు. వానిలో బెక్కింటికి ఆధారము ఒక్కటే టవరు. ఏ ఫోను ఎప్పుడు పిలుచునో టవరెరుగదు. తరగతిలో నందరు నొక్కమారు బదులు పలికినచో నెవరి మాటయు వినబడదు గదా! మరి టవరునకెట్లు వినబడుచున్నది?

ఈ చిక్కునకు 1971 లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రాంసన్ మున్నగువారు అలోహా యను రేడియో ఏర్పాటుతో నొక దారి చూపిరి. పంపదలచినవారు వెంటనే పంపుదురు. అందినట్లు బదులు రానిచో, కొంతసే పాగి మరల పంపుదురు. ఆగు కాలము ఒక్కొక్కరికొక్కొక తీరుగా నుండుటయే ఇందలి కీలకము.

నేటి 4జి ఫోనులు నీ మార్గముననే నాలుగు మెట్లు నడచును. మొదట ఫోను తన పేరు చెప్పదు. 64 సంకేతములలో నొకదానిని తోచినట్లు ఎన్నుకొని పంపును. రెండవ మెట్టున టవరు ఆ సంకేతమును పేర్కొని, దూరమునకు తగిన కాలపు సవరణను, 16 బిట్ల తాత్కాలిక సంఖ్యను ఇచ్చును. మూడవ మెట్టున ఫోను తన గుర్తును తెలుపును. రెండు ఫోనులొకే సంకేతమును పంపి యున్నచో రెండును ఆ బదులు తమదే యనుకొనును. కావున నాలుగవ మెట్టున టవరు తాను విన్న గుర్తును మరల చదువును. తన గుర్తు వినిన ఫోను లోనికి పోవును. విననిది ఆగి మరల యత్నించును.

ఫోనునకు స్థిరమైన పేర్లును గలవు. సిమ్ములోని సంఖ్య చందాదారునిది. మన దేశపువి 404 లేక 405 తో మొదలగును. ఇతరులు వెంబడింపకుండుటకై దీనికి మారుగా తరచు తాత్కాలికపు గుర్తునే వాడుదురు. ఐ.ఎం.ఇ.ఐ. యనునది యంత్రముయొక్క 15 అంకెల సంఖ్య. మొదటి 8 అంకెలు రకమును, తరువాతి 6 వరుసను తెలుపును. చివరిది తప్పును పట్టుటకు.

1996 నవంబరు 6 నాటి కోనసీమ తుపాను మన పెద్దలు మరువరు. అట్టి ఆపద నేడు వచ్చినచో వేల ఫోనులొక్కమారు టవరును పిలుచును. అప్పుడు టవరు సామాన్యుల ఫోనులను కొంతసే పాపి, రక్షణ పనివారికి దారి ఈయగలదు. మనమును ఊరక డయలు చేయక, చిన్న సందేశము పంపి ఓర్చుట ఇతరుల ప్రాణములకు మేలు.

తల్లిదండ్రులారా! *#06# నొక్కి ఆ 15 అంకెలను నేడే పుస్తకమున వ్రాసికొనుడు. రెండు సిమ్ముల ఫోనునకు రెండు సంఖ్యలుండును. 2023 లో దేశమంతటికి ఏర్పడిన సంచార్ సాథి ద్వారా, పోయిన ఫోనును ఆ సంఖ్యతో పనిచేయకుండ నిలుపవచ్చును. పిలుచునపుడు ఓర్పు, పేరు విషయమున జాగ్రత్త: ఈ రెండును ఫోను మనకు నేర్పు పాఠములు.