నీలి మంట నిలవాలంటే: గ్యాస్ పొయ్యికి చిట్కాలు

బెజవాడలో చలి కాచుకోవడానికి ఇంట్లో గ్యాస్ మంట పెట్టుకునే అవసరం ఎవరికీ రాదు. మనకు గ్యాస్ మంట అంటే వంటింటి పొయ్యి, కొన్ని ఇళ్లలో గీజరు. 2024 నవంబరు నుంచి దీపం-2 పథకంలో అర్హులైన కుటుంబాలకు ఏటా మూడు బండలు ఉచితంగా వస్తున్నాయి. నాలుగోది మాత్రం సొంత డబ్బుతో కొనుక్కోవాల్సిందే. పొయ్యి బాగుంటే ఆ నాలుగోది కాస్త ఆలస్యంగా కావాలి. అంతకన్నా ముఖ్యం, మంట సరిగా మండని వంటింట్లో గంటల తరబడి నిలబడే మనిషి ఊపిరి.

1. పొద్దున్నే కాఫీకి పాలు పెట్టేటప్పుడు మంటను ఒక్క క్షణం చూడండి. నీలంగా, నిలకడగా ఉంటే గ్యాస్ పూర్తిగా కాలుతున్నట్టు. పసుపు మంట లేచి గిన్నె అడుగు మసిబారుతోందంటే గాలి చాలడం లేదు. అలా అరకొరగా కాలినప్పుడే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. ఉప్పు నీళ్లు చిందినప్పుడు కాసేపు నారింజ రంగు కనబడటం మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు.

2. డెల్టా ఇళ్లలో బర్నర్‌కి మొదటి శత్రువు అన్నం పొంగు. ఆరిన గంజి చీరను నిలబెట్టగలదు, బర్నర్ కన్నాన్ని పూడ్చడం దానికో లెక్క కాదు. పాలు, పప్పుచారు పొంగినా అంతే. పొంగిన వెంటనే పొయ్యి కట్టేసి, చల్లారాక తడిగుడ్డతో తుడిచేయండి. రాత్రికి చూద్దామని వదిలేస్తే మాడి అట్టకడుతుంది, ఆపైన గీకడం తప్పదు. గీకితే లోహం అరుగుతుంది.

3. వారానికోసారి బర్నర్లు తీసి కడగండి. ఇత్తడివైతే చింతపండు గుజ్జు, కాస్త ఉప్పు రాసి పది నిమిషాలు ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో తోమితే చాలు. అల్యూమినియంవైతే వంటసోడా, చాకలిసోడా జోలికి పోవద్దు, నల్లబడిపోతాయి. వాటికి గోరువెచ్చని నీళ్లు, గిన్నెల సబ్బు సరిపోతాయి. పూడిన కన్నాలను సూదితో ఒక్కొక్కటిగా పొడవాలి. చీపురు పుల్ల వాడకండి, లోపల విరిగితే బయటికి రాదు. కడిగినవాటిని పూర్తిగా ఆరబెట్టాకే బిగించండి. చిన్న బర్నర్ చిన్నదాని చోటులో, పెద్దది పెద్దదాని చోటులో సరిగ్గా కూర్చోవాలి. వంకరగా కూర్చుంటే మంట ఒక పక్కకే లేస్తుంది.

4. బర్నర్ కన్నాల్లో సూది పెట్టవచ్చు కానీ, నాబ్ వెనక గ్యాస్ చిమ్మే జెట్‌లో మాత్రం పెట్టకూడదు. దాని రంధ్రం కొలత ప్రకారం చేసింది. వెంట్రుకవాసి పెద్దదైనా గ్యాస్ ఎక్కువ వచ్చి పసుపు మంట లేస్తుంది. ఆ పని మెకానిక్‌కి వదిలేయండి. నాబ్ బిగుసుకుపోయినా అతనే విప్పి గ్రీజు పెట్టాలి. నూనె చుక్కలు వేయడం వద్దు.

5. ఊరెళ్లి పది రోజుల తర్వాత వచ్చారా? వెలిగించే ముందు బర్నర్ కింద గ్యాస్, గాలి కలిసే మిక్సింగ్ ట్యూబులోకి తొంగిచూడండి. సాలెపురుగులు, బొద్దింకలు అందులో కాపురం పెడతాయి.

6. గాజు పలక పొయ్యి వేడి మీద ఉండగా చన్నీళ్లు చల్లకండి. సంక్రాంతికి అరిసెల పాకం కోసమో, చుట్టాలొచ్చారనో పెద్ద మూకుడు పెడితే, దాని అడుగు నుంచి వేడి కిందికి తిరిగి గాజుకు కొడుతుంది. గంటల వంటకు స్టీలు పొయ్యే మంచిది. ఈ ఒక్క విషయంలో షోరూమ్ అందం కన్నా పాత పద్ధతే మేలని నా గట్టి నమ్మకం.

7. వరి కోతలయ్యాక పొలం ఎలుకలు ఇళ్లలోకి వస్తాయి. ఉత్త రబ్బరు ట్యూబు వాటి పళ్లకు ఆగదు. లోపల తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్ష ట్యూబు తీసుకోండి. అదైనా అయిదేళ్లకు మార్చాల్సిందే, తేదీ దాని మీదే ఉంటుంది. ట్యూబును పొయ్యి కింద వేడికి తగిలేలా, గోడలోంచి దూరేలా పెట్టకండి.

8. బండ వచ్చినప్పుడు పై కడ్డీ లోపలి వైపు అక్షరం, అంకె చూడండి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి ఏప్రిల్ నుంచి జూన్, సి జులై నుంచి సెప్టెంబరు, డి ఆఖరి మూడు నెలలు. పక్కనున్నది సంవత్సరం. అది బండను మళ్లీ పరీక్షించాల్సిన గడువు, అది దాటిన బండను తీసుకోవద్దు. రెగ్యులేటర్ బిగించాక సబ్బు నురుగు రాసి చూడండి, బుడగలొస్తే లీకే. అగ్గిపుల్లతో పరీక్షించే అలవాటు ఇంకా కొందరికి ఉంది, దయచేసి మానేయండి.

9. విజయవాడలో భాగ్యనగర్ గ్యాస్ పైపు వేయించుకున్నవాళ్లు పాత పొయ్యిని అలాగే తగిలించకూడదు. పైపు గ్యాస్‌కి జెట్ రంధ్రం పెద్దది కావాలి. కంపెనీ మనిషి చేతే మార్పించాలి.

10. గ్యాస్ గీజరును స్నానాలగది లోపల బిగించకండి. తలుపులు మూసిన చిన్నగదిలో అది ప్రాణవాయువును తినేసి కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది, లోపలున్నవాళ్లకు తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. బయట గాలాడే చోట పెట్టి, పైపుతో వేడినీళ్లు లోపలికి తెచ్చుకోవాలి. ఏడాదికోసారి, చలికాలానికి ముందే మెకానిక్‌తో శుభ్రం చేయించండి.

11. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ ఇళ్లలోకి వచ్చినప్పుడు పొయ్యిలూ బండలూ బురదలో మునిగాయి. అలా మునిగిన పొయ్యిని ఆరగానే వెలిగించకూడదు. జెట్‌లోనూ నాబ్‌లోనూ ఒండ్రు పేరుకుంటుంది కాబట్టి విప్పి కడిగించాలి. రెగ్యులేటర్, ట్యూబు కొత్తవి వేయాలి. నీళ్లు వస్తున్నాయని తెలిస్తే ముందే రెగ్యులేటర్ తీసి, బండకు మూత బిగించి నిలువుగా ఎత్తున పెట్టండి.

12. వాసన వస్తే స్విచ్‌లు వేయొద్దు, తీయొద్దు. బండలోని వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేలమీదే పాకుతుంది. అందుకని కిటికీ ఒక్కటే చాలదు, తలుపులూ బార్లా తెరవండి. రెగ్యులేటర్ కట్టేసి, తీసేసి, బండకు మూత పెట్టి, అందరూ బయటికొచ్చాక 1906కి ఫోన్ చేయండి. ఆ నంబరు రోజంతా పనిచేస్తుంది. వంటింటి గోడమీద పెద్ద అంకెల్లో రాసి ఉంచండి, పిల్లలకూ పనిమనిషికీ చెప్పి ఉంచండి.