శ్రీహరికోట యాత్రికులు

మనసుకు నచ్చిన కథ జరిగిన చోటును కళ్ళారా చూడాలనే కోరిక మానవునికి సహజం. జపానులో అనిమే అనబడే బొమ్మల చిత్రాల అభిమానులు కథలో కనిపించిన ఊళ్ళను వెతుక్కుంటూ పోయి, ఆ ప్రయాణాన్ని పుణ్యక్షేత్ర యాత్ర అనే పిలుచుకొంటారు. మన వాడుకలో అది జియారత్ వంటిది. మకొటో షింకాయ్ 2007లో తీసిన 'సెకనుకు 5 సెంటీమీటర్లు' చిత్రంలోని రెండవ భాగం తనెగషిమా ద్వీపంలో జరుగుతుంది. అది రాకెట్లు ఎగిరే ద్వీపం. అభిమానులు అచ్చటి బాటలను, అంగళ్ళను కూడా దర్శించి వస్తారు.

తనెగషిమాలో అంతరిక్ష కేంద్రం వెలసిన 1969లోనే మన శ్రీహరికోట కూడ ఇట్టి కేంద్రానికి ఎంపికైంది. పులికాట్ సరస్సుకు, బంగాళాఖాతానికి నడుమ నున్న ఈ దీవి నుండి 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్ లేచింది. ఇచ్చట యాత్రికులను రప్పించే కథ రాకెట్టే. 2019లో సుమారు 5 వేలమంది కూర్చుని చూడదగిన వీక్షణశాల తెరువబడింది. 2023 జూలై 14న చంద్రయాన్-3 బయలుదేరుట చూడ జనం తరలివచ్చారు.

అయితే ఈ రాకవలన సూళ్ళూరుపేటకు ఒరిగేదేమి? టీ కొట్లకు, ఆటోలకు ఆ పూట బేరం జరుగుతుంది. రాకెట్ కొన్ని నిమిషాలలో కనుమరుగౌతుంది. జనమూ తిరుగుముఖం పడుతుంది. ఆనాడు జాలరులు మాత్రం వేటకు పోరాదు. దీవిలో తరతరాలుగా ఉన్న యానాదులు కేంద్రం రాకతో చోటు విడిచి పోవలసివచ్చింది. చూసేవారి ఆనందానికి ఇంటివారు చెల్లించిన మూల్యమిది.

ఈ విషయంలో జపాను నుండి రెండు పాఠాలు నేర్వవచ్చును. 'లక్కీ స్టార్' అనే అనిమే వెలువడిన పిదప వషినొమియా దేవాలయానికి అభిమానులు వెల్లువగా వచ్చారు. ఊరి వర్తకులు వారికై జ్ఞాపికలు చేయించారు. 2008 ఉత్సవంలో ఊరివారితో కలిసి అభిమానులూ పల్లకి మోశారు. కామకురాలో కథ వేరు. 'స్లామ్ డంక్'లో చూపిన రైలు గేటు వద్ద ఫొటోలకై గుమిగూడేవారు రోడ్డుకు అడ్డు నిలువగా స్థానికులు విసిగిపోయారు.

కావున యాత్ర మేలో కీడో నిర్ణయించేది రద్దీ కాదు, నడవడి. శ్రీహరికోటకు పోయే విద్యార్థులు ఒకరోజు ముందుగా వెళ్ళి, చలికాలమైతే పులికాట్‌లో ఫ్లెమింగోలను, నేలపట్టులో గూడబాతులను చూడాలని, అచ్చటివారి వద్దనే భుజించి, సరస్సు ఒడ్డున చెత్త విడువక రావాలని మేము కోరుతున్నాము. మెహమాన్‌ను ఆదరించుట ఇంటివారి ధర్మమైతే, ఇంటివారి కష్టం ఎరిగి మెలగుట మెహమాన్ ధర్మం.