పసిపాపల ఎర్రమచ్చ: భయం వద్దు, ఆలస్యం వద్దు

నెల కూడా నిండని పాప బుగ్గ మీద చిన్న ఎర్రమచ్చ కనిపిస్తుంది. రోజులు గడిచేకొద్దీ అది ఉబ్బి పండులా ఎర్రబడుతుంది. గ్రహణదోషమని కొందరు, దిష్టి అని కొందరు అంటారు. మరి మనం చదువుకునే విజ్ఞానశాస్త్రం ఏమంటుంది?

దీని పేరు హీమాంజియోమా. రక్తనాళాల లోపలి పొరలోని కణాలు ఒకేచోట మితిమీరి పెరగడం వల్ల ఈ గడ్డ ఏర్పడుతుంది. ఇది క్యాన్సర్ కాదు, అంటువ్యాధి కాదు. గ్రహణానికీ, తల్లి తిన్న తిండికీ దీనితో సంబంధం లేదు. సుమారు నూటికి నలుగురైదుగురు పసిపిల్లల్లో వస్తుంది. ఆడపిల్లల్లోనూ, నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టినవారిలోనూ ఎక్కువ.

ఈ గడ్డ చాలావరకు మొదటి 5 నెలల్లోనే పెరుగుతుంది. ఏడాది దాటాక రంగు తగ్గి, మెల్లగా కుంచించుకుపోతుంది. చాలామందిలో 4 ఏళ్లకల్లా తగ్గిపోతుంది. కొందరిలో వదులు చర్మమో, గుర్తో మిగులుతుంది.

అలాగని ప్రతి మచ్చనూ వదిలేయకూడదు. ఈ కింది సందర్భాల్లో వెంటనే వైద్యుడికి చూపించాలి:

• కంటి దగ్గర ఉంటే: చూపు దెబ్బతినవచ్చు.
• ముక్కు, పెదవి మీద ఉంటే: రూపం మారవచ్చు.
• గడ్డం, మెడ మీద ఉండి శ్వాసలో శబ్దం వస్తే: శ్వాసనాళంలోనూ గడ్డ ఉండవచ్చు.
• ఐదు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే: కాలేయానికి స్కానింగ్ అవసరం.
• పుండు పడితే, రక్తం కారితే.

దీని మందు కథ ఆసక్తికరమైనది. ముక్కు మీద ఇలాంటి గడ్డ ఉన్న ఒక బిడ్డకు ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు గుండె జబ్బు కోసం ప్రొప్రనొలాల్ ఇచ్చారు. మరునాటికే గడ్డ రంగు మారి మెత్తబడింది! ఈ విషయాన్ని వారు 2008లో ప్రకటించారు. నేడు ప్రపంచమంతటా ఇదే ముఖ్యమైన మందు. అయితే దీనివల్ల రక్తంలో చక్కెర పడిపోవచ్చు. అందుకే వైద్యుడు చెప్పిన మోతాదులోనే, బిడ్డ పాలు తాగేటప్పుడే వేయాలి.

మన తోంగ్‌పాల్ చుట్టుపక్కల పల్లెల్లో బాలింతల ఇళ్లకు మితానిన్ అక్కలు వస్తారు. కాన్పు తర్వాత 42 రోజుల లోపు వారు పలుమార్లు బిడ్డను చూస్తారు. మచ్చ బయటపడేదీ ఆ రోజుల్లోనే. కాబట్టి వారికి చూపించి, అవసరమైతే జగదల్‌పూర్ వైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లమని చెబుదాం. వాతలు పెట్టవద్దని, ఆకు పసర్లు పూయవద్దని ఇంట్లో పెద్దలకు వివరిద్దాం. బిడ్డ తల్లికి మనం చెప్పాల్సిన మొదటి మాట ఒకటే: ఇందులో మీ తప్పేమీ లేదమ్మా.