మూలుగలో కొత్త రక్తనాళాలు – బ్లడ్ కేన్సర్



ఇంట్లో ఒకరికి బ్లడ్ కేన్సర్ అని తెలిసినప్పుడు మీలో చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "గడ్డ ఎక్కడుందండీ? ఆపరేషన్ చేసి తీసెయ్యరాదా?" సాధారణంగా ఈ జబ్బులో కోసి తీసే గడ్డ ఉండదు. ఇది చాలావరకు ఎముకల లోపలి మూలుగలో మొదలవుతుంది. వెన్నుపూసలు, పక్కటెముకలు, తుంటి ఎముకల్లో ఉండే ఈ మెత్తని పదార్థమే మన రక్తకణాలను తయారుచేసేది.

గోదావరిఖనిలో ఉన్నవారికి ఒక పోలిక చెబుతాను. గనిలో బొగ్గు తియ్యాలంటే ముందు దారులు తవ్వాలి, గాలి పంపాలి, కరెంటు లాగాలి. కేన్సర్ కణాలు చేసేదీ అదే. వాటికి ప్రాణవాయువు, ఆహారం రక్తం ద్వారానే అందాలి. అందుకని అవి వి.ఇ.జి.ఎఫ్. వంటి రసాయనాలను వదిలి, దగ్గరి రక్తనాళాల నుంచి కొత్త కొమ్మలు పుట్టిస్తాయి. ఆ కొత్త నాళాల గోడలు ఊరుకోవు, కేన్సర్ కణాలు మరింత పెరగడానికి కావలసిన రసాయనాలను అవీ తిరిగి ఇస్తాయి. ఇలా ఒకదానికొకటి తోడై జబ్బు ముదురుతుంది.

కేన్సర్ ఇలా రక్తనాళాలను పెంచుకుంటుందని, దాన్ని ఆపితే జబ్బును ఆపవచ్చని 1971లో అమెరికా వైద్యుడు జూడా ఫోక్‌మన్ రాశారు. అప్పట్లో చాలామంది నమ్మలేదు. 1990లలో మల్టిపుల్ మైలోమా రోగుల మూలుగలోనూ, లుకేమియా వచ్చిన పిల్లల మూలుగలోనూ రక్తనాళాలు మామూలుకంటే ఎక్కువగా ఉన్నట్లు తేలింది.

ఇక్కడే థాలిడోమైడ్ కథ వస్తుంది. 1957లో జర్మనీలో నిద్రమాత్రగా అమ్మిన మందు అది. గర్భిణులు వేసుకోవడంతో వేలమంది పిల్లలు చేతులు, కాళ్లు సరిగా ఏర్పడకుండా పుట్టారు. 1961లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అదే మందు కొత్త రక్తనాళాలను అడ్డుకుంటుందని 1994లో ఫోక్‌మన్ ప్రయోగశాలలో కనుగొన్నారు. వేరే మందులకు లొంగని 84 మంది మైలోమా రోగులకు ఇచ్చి చూస్తే, సుమారు మూడో వంతు మందికి గుణం కనిపించిందని 1999లో ప్రకటించారు. ఒక మాట దాచకూడదు. ఈ మందు నాళాలను ఆపడం ఒక్కటే కాదు, కేన్సర్ కణాల మీద వేరే విధాలుగా కూడా పనిచేస్తుందని తర్వాత తెలిసింది. కేవలం నాళాలను ఆపే మందులు మైలోమాలో ఆశించినంత ఫలితం ఇవ్వలేదు.

మరి మీరు గమనించవలసినది ఏమిటి? మన ప్రాంతంలో నడుంనొప్పి అంటే "బాయి పని కదా, ఉంటుందిలే" అనుకోవడం అలవాటు. చాలాసార్లు అది నిజమే. కాని యాభై దాటిన మనిషికి నడుంనొప్పి తగ్గకుండా, దానితోపాటు నీరసం, పాలిపోవడం, మాటిమాటికీ జ్వరం ఉంటే రక్తపరీక్ష చేయించండి. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కొని వేస్తూ పోకండి. మైలోమాలో కిడ్నీలు ముందే దెబ్బతిని ఉండవచ్చు, ఆ మాత్రలు వాటిని ఇంకా పాడుచేస్తాయి. తుంటి ఎముక నుంచి మూలుగ తీసే పరీక్ష అంటే భయపడకండి. మత్తు సూది వేసే చేస్తారు. దానివల్ల కాళ్లు పడిపోతాయన్నది వట్టి మాట.

థాలిడోమైడ్, లెనాలిడోమైడ్ వాడే రోగికి ఒక కాలు వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. అరికాళ్ల తిమ్మిర్లు, మలబద్ధకం గురించి వచ్చినప్పుడు చెప్పండి. కొంచెం బాగుందని మందు మీ అంతట మీరు ఆపవద్దు. ప్రార్థన చెయ్యండి, మందూ వెయ్యండి.

ఇంట్లో కోడలో కూతురో గర్భిణి అయితే ఆ క్యాప్సూల్స్ ఆమె ముట్టుకోకూడదు. మందు వాడే మగవారు భార్యతో కలిసేటప్పుడు నిరోధ్ తప్పక వాడాలి, రక్తదానం చెయ్యకూడదు. మిగిలిపోయినవి పక్కింటివారికి ఇవ్వకండి, పారెయ్యకండి. మళ్లీ వచ్చేటప్పుడు ఆసుపత్రిలో అప్పగించండి.