మరపడవ ఇంజను ఆగకముందే చెప్పే ముల్లు

వేమూరు పొలాల్లో నీరు తోడుతున్న డీజిలు ఇంజను ఉన్నట్టుండి ఆగిపోయిందనుకోండి. రైతు సైకిలెక్కి వెళ్లి మెకానిక్కును పిలుచుకు వస్తాడు. చేనుకు నీరు ఒక పూట ఆలస్యమవుతుంది, అంతే. వేమూరు నుంచి రేపల్లె మీదుగా సముద్రం వైపు పోతే నిజాంపట్నం వస్తుంది. అక్కడి హార్బరు నుంచి మరపడవలు చేపల వేటకు బంగాళాఖాతంలోకి వెళతాయి. వాటిని నడిపేదీ డీజిలు ఇంజనే. తీరం కనబడని చోట, గాలి పెరుగుతున్న వేళ ఆ ఇంజను ఆగిపోతే? పడవ సరంగు మాట వినదు. అలలకు అడ్డం తిరిగి, ఎటు తోస్తే అటు కొట్టుకుపోతుంది. అక్కడికి మెకానిక్కు రాడు.

ఇలా ఇంజను ఆగడానికి తరచు కనిపించే కారణం ఏ ఇనుప భాగమో విరగడం కాదు, ఇంధనం అందకపోవడం. ఇంధనం అందకపోవడానికి ముఖ్య కారణం ఫిల్టరు పూడుకుపోవడం. దీన్నే మెకానిక్కులు ‘ఫిల్టరు చోక్ అయింది’ అంటారు. ఫిల్టరు ఒక్క క్షణంలో పూడుకుపోదు. చాలా రోజుల ముందునుంచే సూచన ఇస్తుంది. ఆ సూచనను ఎలా చదవాలో తెలుసుకోవడానికి మీరు తరగతిలో చదివిన వాతావరణ పీడనం పాఠం చాలు.

ఫిల్టరు ఎందుకు?

రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు 1897లో తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపాడు. పెట్రోలు ఇంజనులో లాగా దీనిలో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టను బాగా నొక్కుతుంది. నొక్కిన గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైగా వేడెక్కుతుంది. ఆ గాలిలోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది.

ఆ తుంపర కావాలంటే డీజిలును వాతావరణ పీడనానికి 200 రెట్ల పీడనంతోనో, అంతకంటే ఎక్కువ పీడనంతోనో నాజిలు రంధ్రాల గుండా తోయాలి. ఈ పని చేసే పంపులోనూ, ఇంజెక్టరులోనూ కదిలే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లకు మించదు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మన కంటికి ఆనని ఇసుక నలుసు కూడా ఆ సందులో పెద్ద బండరాయి వంటిదే. అందుకే డీజిలును రెండుసార్లు వడపోస్తారు. టాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉండే మొదటి ఫిల్టరు ముతక మురికినీ, నీటినీ ఆపుతుంది. పంపు తర్వాత ఉండే రెండోది మిగిలిన సన్నని నలుసులను ఆపుతుంది.

టాంకులోకి మురికి ఎలా చేరుతుంది?

కొంత మురికి డీజిలు పోసేటప్పుడే వస్తుంది. కొంత టాంకు తుప్పు వల్ల వస్తుంది. మూడోది నీరు. చల్లని మజ్జిగ గ్లాసు బయట చెమర్చడం చూశారు కదా! సగం ఖాళీగా ఉన్న టాంకులోని గాలి రాత్రి చల్లబడినప్పుడు లోపలి గోడలు కూడా అలాగే చెమరుస్తాయి. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి అక్కడ ఇది మరీ ఎక్కువ. డీజిలు సాంద్రత సుమారు 0.84. నీటి సాంద్రత 1. అందుచేత ఆ నీటి చుక్కలు డీజిలు అడుగుకు చేరతాయి.

నీరు చేరిన చోట మరో వింత జరుగుతుంది. కొన్ని బాక్టీరియాలు, బూజులు ఆ నీటిలో నివసిస్తూ, పైనున్న డీజిలును తిని బతుకుతాయి! అవి పెరిగి జిగురు పొరలా తయారవుతాయి. మన తూర్పు తీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం ఉంటుంది. సగం టాంకుతో కదలకుండా ఉన్న పడవలో ఈ జిగురు పెరగడానికి అది మంచి అదను. నిలిపే ముందు టాంకు నిండా డీజిలు పోసి ఉంచితే గాలికి చోటు తగ్గి, చెమ్మ తగ్గుతుంది.

టాంకు అడుగున పేరుకున్న మడ్డి సముద్రం నిలకడగా ఉన్నంతసేపూ అడుగునే ఉంటుంది. గాలి లేచి, పడవ ఎగిరెగిరి పడినప్పుడు ఆ మడ్డి అంతా ఒక్కసారి లేస్తుంది. అది నేరుగా ఫిల్టరుకు చేరుతుంది. అంటే ఇంజను అవసరం ఎక్కువగా ఉన్న సమయంలోనే ఫిల్టరు పూడుకుపోతుందన్నమాట. కాబట్టి ఫిల్టరు సంగతి తెలుసుకోవలసింది గాలి లేచాక కాదు, నీరు ప్రశాంతంగా ఉన్నప్పుడే.

పంపు పీలుస్తుందా, గాలి నెడుతుందా?

పంపు డీజిలును ‘పీలుస్తుంది’ అంటాం గాని, నిజానికి పంపు చేసేది తనవైపు పీడనం తగ్గించడమే. టాంకులోని డీజిలు మీద వాతావరణం నొక్కుతూ ఉంటుంది. ఆ ఒత్తిడే డీజిలును పైపు గుండా, ఫిల్టరు గుండా పంపులోకి నెడుతుంది. వాతావరణ పీడనం 76 సెంటీమీటర్ల, అంటే సుమారు 30 అంగుళాల పాదరస స్తంభానికి సమానం. ఎంత గొప్ప పంపైనా పీల్చే వైపు ఈ 30 అంగుళాలకు మించి బలం తెచ్చుకోలేదు.

ఫిల్టరుకూ పంపుకూ మధ్య ఒక వాక్యూం గేజి బిగిస్తే, అక్కడి పీడనం వాతావరణ పీడనం కంటే ఎంత తగ్గిందో అది పాదరసపు అంగుళాల్లో చూపుతుంది. కొత్త ఫిల్టరుతో ముల్లు కొద్దిగానే లేస్తుంది. ఫిల్టరు పూడుకునే కొద్దీ ముల్లు పైకి పోతుంది. ముల్లు 10 దగ్గర ఉంటే, వాతావరణం ఇచ్చిన బలంలో మూడో వంతు ఖర్చయిపోయిందని అర్థం.

కొత్త ఫిల్టరుతో కూడా ముల్లు సున్న దగ్గరే ఉండకపోవచ్చు. ఎందుచేత? పాదరసం డీజిలు కంటే 16 రెట్లు బరువైనది. పంపు టాంకులోని డీజిలు మట్టానికి ఒక మీటరు ఎత్తున ఉంటే, డీజిలును అంత ఎత్తుకు లేపడానికే 100ను 16తో భాగించగా వచ్చే 6 సెంటీమీటర్లు, అంటే దాదాపు రెండున్నర అంగుళాలు ఖర్చవుతుంది. అందువల్ల ప్రతి పడవకూ దాని సొంత ‘మొదటి అంకె’ ఉంటుంది. కొత్త ఫిల్టరు వేసిన రోజునే దాన్ని రాసిపెట్టుకోవాలి.

నెమ్మదిగా మొదలై, త్వరగా ముగిసేది

1840 ప్రాంతంలో పాయిజే అనే ఫ్రెంచి వైద్యుడు సన్నని గొట్టాలలో ద్రవాలు ఎలా ప్రవహిస్తాయో పరిశోధించాడు. ఆయన కనుగొన్నది ఇది: సన్నని గొట్టం వ్యాసం సగమైతే, అంతే ద్రవం అంతే వేగంగా పోవడానికి 16 రెట్ల పీడన భేదం కావాలి. ఫిల్టరు కాగితంలోని సూక్ష్మ రంధ్రాలు కూడా సన్నని దారులే. అందువల్ల చాలా రోజులు ముల్లు అంతగా కదలదు. చివరి దశలో గబగబా లేస్తుంది. ఊహకోసం ఒక పుస్తకంలో ఇలా రాసి ఉందనుకోండి:

కొత్త ఫిల్టరు: 2 అంగుళాలు
50 గంటలు నడిచాక: 2½
100 గంటలు: 3
150 గంటలు: 4
180 గంటలు: 6
190 గంటలు: 8

మొదటి నూరు గంటల్లో ఒక్క అంగుళం. చివరి పది గంటల్లో రెండు అంగుళాలు! సాధారణంగా ముల్లు 7 నుంచి 10 అంగుళాల మధ్యకు వచ్చేసరికి ఫిల్టరు మార్చాలంటారు. ఇంజను తయారుచేసినవారు వేరే అంకె ఇస్తే దాన్నే పాటించాలి.

ముల్లును చదవడం

ఇంజను వేగం పెంచితే ఫిల్టరు గుండా పోయే డీజిలు పెరుగుతుంది, ముల్లూ లేస్తుంది. కాబట్టి ప్రతిసారీ నిమిషానికి అన్నే చుట్ల వేగంలో, పడవ అదే బరువు లాగుతున్నప్పుడు అంకె చూడాలి. లంగరు వేసి, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చూసిన అంకె మనల్ని మోసగిస్తుంది.

ముల్లు వారాల తరబడి మెల్లగా లేస్తే ఫిల్టరు తన పని తాను చేస్తున్నదని అర్థం. కొత్తగా డీజిలు పోయించిన వెంటనే లేస్తే ఆ డీజిలులో మురికో నీరో ఉంది. కొత్త ఫిల్టరు వేసినా ముల్లు దిగకపోతే అడ్డు ఫిల్టరులో లేదు. టాంకు వాల్వు సగం మూసి ఉండవచ్చు, పైపు నొక్కుకుపోయి ఉండవచ్చు. ముల్లు ఎప్పటికంటే తక్కువ చూపుతూ ఇంజను దగ్గుతూ ఉంటే ఎక్కడో గాలి చొరబడుతున్నది. ఇది పట్టుకోవడం కష్టం. పీల్చే వైపు పైపులో లోపలి పీడనం తక్కువ కాబట్టి, ఇంజను నడుస్తున్నప్పుడు చిల్లు నుంచి డీజిలు బయటికి కారదు; గాలే లోపలికి పోతుంది!

గేజి లేని పడవలోనూ ఒక పని చేయవచ్చు. ఫిల్టరు అడుగున పారదర్శకమైన గిన్నె ఉంటే, రాత్రంతా నిలిచిన నీరు ఉదయానికి అడుగున పొరలా కనిపిస్తుంది. ఇంజను వేయకముందే అడుగు మర తిప్పి దాన్ని డబ్బాలోకి దించాలి. ఆ మురికిని కాలువలోనో సముద్రంలోనో పారబోయకూడదు. కొన్ని పడవల్లో రెండు ఫిల్టర్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి పూడుకుంటే మర తిప్పి రెండో దారికి మారవచ్చు, ఇంజను ఆపనక్కరలేదు.

చేసి చూడండి

సూది లేని కొత్త సిరంజి ఒకటి, ఒకే రకం గుడ్డముక్కలు మూడు తీసుకోండి. ఒకటి శుభ్రంగా ఉంచండి. రెండోదానికి తడి బంకమట్టి పలచగా, మూడోదానికి దట్టంగా పూయండి. ఒక్కొక్కదాన్నీ సిరంజి మూతికి దారంతో గట్టిగా కట్టి, నీటిలో ముంచి, పిస్టను లాగండి. మీ చేతికి తెలిసే బరువే గేజి ముల్లు. తర్వాత మూడో గుడ్డతోనే ఒకసారి చాలా నెమ్మదిగా, ఒకసారి వేగంగా లాగి చూడండి. ఈ నీటిని నోట పెట్టవద్దు.

ఆలోచించి చెప్పండి

1. మూడో గుడ్డతో నెమ్మదిగా లాగినప్పుడు చేతికి బరువు ఎందుకు తగ్గింది? దీనికీ, లంగరు వేసిన పడవలో ముల్లు చూడకూడదనడానికీ సంబంధం ఏమిటి?
2. పంపు డీజిలు మట్టానికి రెండు మీటర్ల ఎత్తున ఉంటే, ఎత్తుకు లేపడానికే ముల్లు ఎన్ని అంగుళాలు చూపాలి?
3. పై పట్టికకు గ్రాఫు గీయండి. రేపు ఉదయం నాలుగు రోజుల వేటకు బయలుదేరవలసిన సరంగు 180 గంటల దగ్గర 6 చూశాడు. ఫిల్టరు ఇప్పుడే మార్చాలా, తిరిగి వచ్చాకా? మీ గ్రాఫు ఏమంటున్నది?